ప్రాంతీయ ప్రధాన కార్యాలయం వస్తే ఉద్యోగాలు ఎన్ని, ఎవరికి?

కొత్తచిగురు

అందరికీ నమస్కారం. పెద్ద సాంకేతిక సంస్థ ఏదైనా ఒక నగరంలో తన ప్రాంతీయ ప్రధాన కార్యాలయాన్ని నెలకొల్పుతున్నట్లు ప్రకటించిన ప్రతిసారీ, ఇన్ని వేల ఉద్యోగాలు వస్తాయన్న సంఖ్య ఆ ప్రకటన మొదటి వాక్యంలోనే ఉంటుంది. ఆ సంఖ్యను ఎవరు, ఏ లెక్కన తేలుస్తారో, అందులో అప్పుడే చదువు ముగించుకొని వచ్చేవారికి దక్కేవి ఎన్నో, ఇంకోచోట పనిచేస్తున్నవారు ఇక్కడికి మారితే వాటిని కొత్త ఉద్యోగాలని ఎలా అంటారో నాకు ఎక్కడా స్పష్టంగా కనబడలేదు. నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను కనుక ఈ ప్రశ్నలో నా స్వార్థమూ కొంత ఉంది. ఈ రంగంలో పనిచేసినవారు, ఇటువంటి లెక్కలు చూసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

పాతపద్దు

కొత్తచిగురు గారూ, ముందుగా ప్రధాన కార్యాలయం అన్న హోదాను, ఉద్యోగాల సంఖ్యను విడదీసి చూడండి. మొదటిది ఉన్నచోట రెండవది కూడా ఉండి తీరాలన్న నియమమేదీ లేదు. బోయింగ్ సంస్థ 2001లో తన ప్రధాన కార్యాలయాన్ని సియాటిల్ నుంచి షికాగోకు మార్చుకున్నప్పుడు, లక్షకు పైగా సిబ్బంది ఉన్న ఆ సంస్థ కొత్త నగరంలో ఉంచింది సుమారు 500 మందిని మాత్రమే. విమానాలు తయారుచేసే వేలాదిమంది సియాటిల్ పరిసరాల్లోనే ఉండిపోయారు. ఆ 500 మంది కోసం షికాగో, ఇల్లినాయ్ ప్రభుత్వాలు రాయితీలు ఇచ్చాయి. 2022లో బోయింగ్ ఆ హోదాను వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌కు మార్చుతున్నట్లు ప్రకటించింది.

సాంకేతిక రంగానికి మరింత దగ్గరి ఉదాహరణ, ఇంటర్నెట్ ద్వారా మాట్లాడుకునే వీలు కల్పించిన స్కైప్. దాని ప్రధాన కార్యాలయం లక్సెంబర్గ్‌లో ఉండేది. సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజనీర్లలో అధికభాగం ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఉండేవారు. హోదా ఒక దేశానికి, పని మరొక దేశానికి దక్కాయి. కాలక్రమంలో ఏ నగరానికి ఎక్కువ మేలు జరిగిందో ఈ రంగంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

సౌదీ అరేబియా సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. ప్రాంతీయ ప్రధాన కార్యాలయం తమ దేశంలో లేని విదేశీ సంస్థలకు 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ కాంట్రాక్టులు, కొన్ని మినహాయింపులు పోను, దక్కవని ఆ దేశం 2021లో ప్రకటించింది. అటువంటి కార్యాలయాలకు 30 ఏళ్లపాటు పన్ను మినహాయింపు కూడా ఇచ్చింది. అయితే ఆ లైసెన్సు పొందిన సంస్థ తొలి ఏడాదిలో నియమించుకోవలసింది కనీసం 15 మందిని, అందులోనూ ముగ్గురు ఉన్నతస్థాయి అధికారులై ఉండాలి. నిబంధన అడుగుతున్నది నిర్ణయాధికారం తమ గడ్డ మీద ఉండాలనే తప్ప వేల ఉద్యోగాలు కావాలని కాదు. నా దృష్టిలో అది నిజాయితీగల నిబంధన.

కాబట్టి ఇటువంటి ప్రకటన చూసినప్పుడు ఎంతమంది అని అడగడానికి ముందు, ఏయే విభాగాలు వస్తున్నాయని అడగాలి. అమ్మకాలు, న్యాయ విభాగం, ఖాతాలు, మానవ వనరులు మాత్రమే వస్తే అది వందల్లో తేలే కార్యాలయం. ఉత్పత్తిని రూపొందించే ఇంజనీరింగ్ విభాగం కూడా వస్తేనే వేల మాట ఎత్తవచ్చు.

సందేహి

పాతపద్దు గారు మర్యాదగా చెప్పారు, నేను కొంచెం కటువుగా చెబుతాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ ప్రకటనలకు అతికినట్లు సరిపోతుంది. 2017లో ఎలక్ట్రానిక్స్ వస్తువులు తయారుచేసే ఫాక్స్‌కాన్ సంస్థ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1,000 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టి 13,000 ఉద్యోగాలు ఇస్తానని చెప్పింది; రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలకు అంగీకరించింది. భూములు సేకరించారు, రోడ్లు వేశారు. 2021 వచ్చేసరికి ఒప్పందాన్ని తిరగరాసుకొని, 67.2 కోట్ల డాలర్ల పెట్టుబడికి, 1,454 ఉద్యోగాలకు దిగివచ్చారు. చెప్పిన ఉద్యోగాల్లో తొమ్మిదో వంతు! అది కార్యాలయం కాదు, కర్మాగారం అని ఎవరైనా అనవచ్చు. కర్మాగారానికైతే యంత్రాలు, గోడలు, పునాదులు ఉంటాయి, వాటిని వదిలి వెళ్లడం కష్టం. అద్దె భవనంలో లాప్‌టాప్‌లతో నడిచే కార్యాలయాన్ని మార్చడం ఇంకెంత తేలికో ఆలోచించండి.

గుణకం

నేను అర్థశాస్త్రం బోధిస్తాను. సంఖ్య ఎలా పుడుతుందన్న ప్రశ్నకు నేరుగా జవాబు రాస్తాను.

ప్రకటనల్లో కనబడే సంఖ్య తరచుగా మూడు వేరువేరు సంఖ్యల మొత్తం. సంస్థ పేరోల్ మీద జీతం తీసుకునేవారు ప్రత్యక్ష ఉద్యోగులు. ఆ సంస్థకు భద్రత, పారిశుధ్యం, రవాణా, భవన నిర్వహణ, సాఫ్ట్‌వేర్ సేవలు అందించే సంస్థల్లో పెరిగేవి పరోక్ష ఉద్యోగాలు. ఈ ఇద్దరూ తమ జీతాలను అదే నగరంలో ఖర్చుచేయడం వల్ల ఇళ్ల నిర్మాణంలో, దుకాణాల్లో, పాఠశాలల్లో, ఆసుపత్రుల్లో పుట్టేవి ప్రేరిత ఉద్యోగాలు. మొదటివాటిని లెక్కపెట్టవచ్చు. మిగిలిన రెండింటినీ, ఒక పరిశ్రమ కొనుగోళ్లు మరొక పరిశ్రమను ఎంత కదిలిస్తాయో చూపే పట్టికల ఆధారంగా అంచనా వేస్తారు. ఒక ప్రత్యక్ష ఉద్యోగానికి మరెన్ని ఉద్యోగాలు తోడవుతాయో చెప్పే ఆ నిష్పత్తినే గుణకం అంటారు. నా మారుపేరు అక్కడి నుంచే వచ్చింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో పనిచేసే ఎన్రికో మొరెట్టి అంచనా ఈ చర్చల్లో అందరూ ఉటంకించేది. ఒక నగరంలో ఉన్నత సాంకేతిక రంగంలో ఒక ఉద్యోగం పెరిగితే దీర్ఘకాలంలో అదే నగరంలో మరో అయిదు ఉద్యోగాలు పుడతాయని, సాధారణ తయారీ రంగంలో ఆ సంఖ్య 1.6 మాత్రమేనని ఆయన లెక్కకట్టారు. ఆ అయిదింటిలో రెండు వైద్యులు, న్యాయవాదుల వంటి వృత్తి నిపుణులవి. మూడు ప్రత్యేక విద్యార్హతలు అక్కరలేని సేవల రంగానివి. ఎక్కువ జీతం, ఆ జీతంలో ఎక్కువ భాగం స్థానిక సేవల మీద ఖర్చు కావడం, ఒక సంస్థ చుట్టూ అదే రంగానికి చెందిన మరికొన్ని సంస్థలు చేరడం ఇందుకు కారణాలు.

అయితే ఈ అంచనాను వాడేవారు రెండు సంగతులను తరచుగా మింగేస్తారు. ఒకటి, అది దీర్ఘకాలపు లెక్క. భవనం ప్రారంభించిన ఏడాదిలో కనబడేది కాదు. రెండు, అది అమెరికా నగరాల సమాచారం నుంచి తీసిన సగటు. ఇళ్లు కట్టడానికి స్థలం, అనుమతులు దొరకని నగరంలో కొత్త జీతాలలో పెద్ద భాగం అద్దెలు పెంచడానికే పోతుంది, ఉద్యోగాలు పుట్టించడానికి కాదు. సందేహి గారి అనుమానం సరైనదే గాని, విస్కాన్సిన్ ఒక్కదాన్ని చూసి మొత్తం రంగాన్ని కొట్టిపారేయడం కూడా సరైన లెక్క కాదు.

సందేహి

గుణకం గారూ, ఆ ప్రేరిత ఉద్యోగాల విషయంలోనే నాకు అభ్యంతరం ఉంది. ఈ సంస్థలు భోజనం లోపలే ఉచితంగా పెడతాయి, వ్యాయామశాల లోపలే ఉంటుంది, బట్టలు ఉతికే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల లోపలే. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2011లో ఒక వెనుకబడిన వీధికి ట్విటర్ వంటి సంస్థలను రప్పించడానికి పన్ను మినహాయింపు ఇచ్చింది. ఉద్యోగులు వచ్చారు, కాని మధ్యాహ్నం బయటకు రాలేదు. 2018లో ఆ నగర ప్రతినిధులు కొందరు కొత్త కార్యాలయ భవనాల్లో ఉద్యోగుల భోజనశాలలను నిషేధించాలని ప్రతిపాదించేదాకా వెళ్లింది వ్యవహారం. మౌంటెన్ వ్యూ నగరమైతే అంతకుముందే ఒక కొత్త భవన సముదాయానికి, అందులో చేరే సంస్థ తన ఉద్యోగుల భోజన ఖర్చును పూర్తిగా భరించరాదన్న షరతు పెట్టింది. జీతం నగరంలోకి పారుతుందన్న మీ సూత్రం గేటు దగ్గరే ఆగిపోతే గుణకం ఏమవుతుంది?

గుణకం

తగ్గుతుంది, సున్న కాదు. లోపలి భోజనశాలలో వండేవారు, వడ్డించేవారు కూడా ఉద్యోగులే కదా. వారు మరొక సంస్థ పేరోల్ మీద ఉంటారు కనుక మీ కంటికి కనబడడం లేదు. ఉద్యోగి ఖర్చులో ప్రధానమైనవి ఇల్లు, పిల్లల చదువు, వైద్యం. ఇవేవీ గేటు లోపల దొరకవు. మీరు చెప్పిన ఉదాహరణ ఒక వీధి గురించి, నేను చెప్పే లెక్క ఒక నగరం గురించి.

నియామకశాఖ

నేను చాలాకాలంగా సాంకేతిక సంస్థల్లో ఉద్యోగుల ఎంపిక విభాగంలో ఉన్నాను, కొత్త కార్యాలయాలు తెరిచిన బృందాల్లోనూ పనిచేశాను. కొత్తచిగురు గారు అడిగిన అసలు ప్రశ్నకు, అంటే ఎవరికి దక్కుతాయన్నదానికి, లోపలి నుంచి జవాబు చెబుతాను.

కొత్త ప్రాంతీయ కార్యాలయంలో మొదట వచ్చేది సంస్థ సంస్కృతి తెలిసిన పాత ఉద్యోగుల బృందం. వారిని ఇతర దేశాల కార్యాలయాల నుంచి బదిలీ మీద తెస్తారు. రెండవ దశలో మేనేజర్లను, అనుభవజ్ఞులైన ఇంజనీర్లను అదే నగరంలోని ఇతర సంస్థల నుంచి తీసుకుంటారు. జీతం పెంచి ఇస్తారు కనుక స్థానిక చిన్న సంస్థలు ఈ దశలో గట్టిగా దెబ్బతింటాయి. ఏళ్లతరబడి తర్ఫీదు ఇచ్చిన మనుషులు ఒక్కసారిగా వెళ్లిపోతే ఆ ఖాళీలు నింపడానికి ఆ చిన్న సంస్థలకు నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఆ పనినే మానుకుంటాయి. ప్రకటనలో వెయ్యి ఉద్యోగాలు కనబడతాయి. నగరం మొత్తంమీద నికరంగా పెరిగినవి అంతకంటే తక్కువ. కళాశాలల నుంచి నేరుగా తీసుకోవడం మూడవ దశ. జట్లు కుదురుకొని, కొత్తవారికి పని నేర్పగలిగే అనుభవజ్ఞులు తగినంతమంది చేరాక గాని ఏ బాధ్యతగల మేనేజరూ పెద్దసంఖ్యలో కొత్త పట్టభద్రులను తీసుకోడు. అందుచేత కార్యాలయం ప్రారంభమైన ఏడాదే క్యాంపస్ నియామకాలు వెల్లువెత్తుతాయని ఆశించడం నేల విడిచి సాము చేయడమే.

మరొక సంగతి. సంస్థ బ్యాడ్జి మెడలో ఉన్నవారందరూ ఆ సంస్థ ఉద్యోగులు కారు. 2019 మార్చి నాటికి గూగుల్‌లో పూర్తికాలపు ఉద్యోగులు సుమారు 1,02,000 మంది ఉంటే, తాత్కాలిక, కాంట్రాక్టు సిబ్బంది సుమారు 1,21,000 మంది ఉన్నారని న్యూయార్క్ టైమ్స్ అప్పట్లో రాసింది. పరీక్షలు చేసేవారు, సమాచారానికి గుర్తులు పెట్టేవారు, వినియోగదారుల ఫిర్యాదులు చూసేవారు చాలామంది ఈ రెండవ పద్దులోకే వస్తారు. వారి జీతం వేరు, సెలవులు వేరు, షేర్లు ఉండవు, సంస్థ ఖర్చు తగ్గించుకోదలచినప్పుడు మొదట తెగేది ఆ కాంట్రాక్టులే. ప్రకటనలోని సంఖ్యలో వీరు ఉన్నారా లేరా అన్నది ఎవరూ అడగరు, సంస్థ తనంతట చెప్పదు.

పాతపద్దు

నియామకశాఖ గారు చెప్పిన చివరి మాట ఒప్పందాల దగ్గరికి తీసుకువస్తుంది. నా ఉద్యోగ జీవితం ప్రభుత్వ ఖాతాల తనిఖీలో గడిచింది కనుక ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తే మన్నించండి.

అమెజాన్ 2017 సెప్టెంబరులో తన రెండవ ప్రధాన కార్యాలయానికి చోటు కావాలని, 50,000 ఉద్యోగాలు, 500 కోట్ల డాలర్ల పైచిలుకు పెట్టుబడి అని ప్రకటించినప్పుడు 238 ప్రతిపాదనలు వచ్చాయి. 2018 నవంబరులో దాన్ని రెండుగా చీల్చి, న్యూయార్క్‌కు 25,000, ఆర్లింగ్టన్‌కు 25,000 అన్నారు. వర్జీనియా రాష్ట్రం చేసుకున్న ఒప్పందాన్ని గమనించండి. ముందుగా డబ్బు చేతిలో పెట్టలేదు. సగటు వార్షిక వేతనం 1,50,000 డాలర్లు ఉండే పద్ధతిలో ఉద్యోగం సృష్టించాక, అది నిలిచి ఉందని తేలాక, ఉద్యోగానికి 22,000 డాలర్ల చొప్పున ఇస్తామన్నారు. పూర్తి 25,000 ఉద్యోగాలూ వస్తే అది 55 కోట్ల డాలర్లు. ఆ సగటు వేతనం కూడా ఏటా కొంత పెరుగుతూ ఉండాలన్నారు. దీనికి తోడు వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం దగ్గర్లోని అలెగ్జాండ్రియాలో 100 కోట్ల డాలర్ల కొత్త ప్రాంగణానికి పూనుకుంది, రాష్ట్రం కంప్యూటర్ సైన్స్ పట్టభద్రుల సంఖ్య పెంచడానికి నిధులు కేటాయించింది. సంస్థ రేపు వెళ్లిపోయినా ఆ ప్రాంగణం, అందులో చదివినవారు అక్కడే ఉంటారు.

ఇప్పుడు విస్కాన్సిన్ తొలి ఒప్పందాన్ని దీని పక్కన పెట్టి పోల్చి చూడండి. 300 కోట్ల డాలర్లను 13,000తో భాగిస్తే ఉద్యోగానికి సుమారు 2,30,000 డాలర్లు. ఇటు 22,000, అటు 2,30,000. రెండు రాష్ట్రాలూ ఒకే దేశంలో, దాదాపు ఒకే కాలంలో చేసుకున్న ఒప్పందాలు ఇవి. అయితే సందేహి గారు వదిలేసిన మాట ఒకటి ఉంది. అక్కడ కూడా పన్ను రాయితీలు ఉద్యోగాలకు, పెట్టుబడికి ముడిపెట్టి ఉండడం వల్ల, లక్ష్యం చేరుకోని సంస్థకు ఆ 300 కోట్లు చేరలేదు. సవరించిన ఒప్పందంలో గరిష్ఠ పరిమితి 8 కోట్ల డాలర్లకు తగ్గింది. తిరిగిరానిది స్థానిక సంస్థలు భూసేకరణకు, రోడ్లకు, నీటి గొట్టాలకు ముందుగా పెట్టిన ఖర్చు. ఒప్పందం కట్టుదిట్టంగా ఉందా లేదా అని చూసేవారు రాయితీ కాగితాన్ని చదువుతారు గాని, ఈ మౌలిక వసతుల పద్దును తెరవరు. నష్టం ఎప్పుడూ అక్కడే దాగి ఉంటుంది.

ఆర్లింగ్టన్‌లో సంగతి ఏమైందని అడుగుతారేమో. మొదటి దశ భవనాలు 2023లో తెరిచేనాటికి అక్కడ సుమారు 8,000 మంది ఉద్యోగులున్నారు. రెండవ దశ నిర్మాణాన్ని అదే ఏడాది మార్చిలో వాయిదా వేశారు. అది సంస్థ మొత్తంమీద వేలమందిని తొలగిస్తున్న కాలం. ఉద్యోగాలు ఆలస్యమైతే చెల్లింపు కూడా ఆలస్యమవుతుంది కనుక రాష్ట్ర ఖజానాకు వచ్చిన ముప్పు పెద్దగా లేదు.

సందేహి

ఆర్లింగ్టన్ గురించి చెప్పి న్యూయార్క్‌ను వదిలేస్తే ఎలా, పాతపద్దు గారూ? అక్కడ దాదాపు 300 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాల మీద స్థానికులు, ప్రజాప్రతినిధులు అభ్యంతరం చెప్పడంతో 2019 ఫిబ్రవరిలో అమెజాన్ తప్పుకుంది. బంగారు బాతును తరిమేశారని ఎందరో వాపోయారు. అదే సంవత్సరం చివర ఆ సంస్థ అదే న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌లో 1,500 మందికి సరిపడే కార్యాలయాన్ని అద్దెకు తీసుకుంది. 2020లో ఫిఫ్త్ ఎవెన్యూ మీది పాత లార్డ్ అండ్ టేలర్ భవనంలో 2,000 మందికి చోటు కల్పిస్తున్నట్లు ప్రకటించింది. ఆ 300 కోట్లు లేకుండానే! 25,000 రాలేదు, నిజమే. కాని రాయితీ ఇవ్వకపోతే ఒక్క ఉద్యోగమూ రాదన్న వాదన ఏమైంది?

గుణకం

ఈ ప్రశ్న మీద జీవితకాలం పనిచేసిన ఆర్థికవేత్త ఒకరున్నారు, అమెరికాలోని అప్‌జాన్ పరిశోధన సంస్థకు చెందిన టిమోతీ బార్టిక్. పాత అధ్యయనాలన్నింటినీ జల్లెడ పట్టి ఆయన తేల్చినది ఇది: ప్రోత్సాహకాలు అందుకున్న సంస్థల్లో, ఆ ప్రోత్సాహకం కారణంగానే ఆ చోటును ఎంచుకున్నవి 2 నుంచి 25 శాతం మధ్యలో ఉంటాయి. తక్కినవి ఎటూ అక్కడికే వచ్చేవి, లేదా అక్కడే విస్తరించేవి. నైపుణ్యంగల మనుషులు దొరకడం, విమాన సౌకర్యం, ఖాతాదారులకు దగ్గరగా ఉండడం వంటివి రాయితీకంటే ముందు వస్తాయి. అందుకే వర్జీనియా ఒప్పందంలో నాకు నచ్చినది ఆ 22,000 డాలర్ల లెక్కకంటే విశ్వవిద్యాలయం మీద పెట్టిన ఖర్చు.

వలసపక్షి

నేను బదిలీ మీద ఒక ప్రాంతీయ ప్రధాన కార్యాలయానికి వెళ్లిన ఇంజనీర్లలో ఒకడిని. ఇక్కడ ఇంతవరకూ ఎవరూ ముట్టుకోని సంగతి నిర్ణయాధికారం. మా కార్యాలయంలో మొదట మేము చేసినది మరొక ఖండంలో నిర్ణయించిన పనులు మాత్రమే. ఏ ఉత్పత్తిని కొనసాగించాలి, ఎవరిని తీసుకోవాలి, బడ్జెట్ ఎంత అన్నవన్నీ అక్కడే తేలేవి. ఒక ఉత్పత్తి బాధ్యతను ఆసాంతం మాకు అప్పగించిన తరువాతే నియామకాలు నిజంగా ఊపందుకున్నాయి, ఎందుకంటే ఖాళీలు మంజూరు చేసే వ్యక్తి అదే అంతస్తులో కూర్చున్నాడు. ఫలకం మీద ప్రాంతీయ ప్రధాన కార్యాలయం అని రాసి ఉన్నా, బడ్జెట్ మీద సంతకం పెట్టేవారు లోపల లేకపోతే అది పెద్ద శాఖా కార్యాలయమే.

రెండవది, ఉద్యోగాల లెక్కలో సంస్థను విడిచి వెళ్లేవారిని కూడా చేర్చాలని నా అభిప్రాయం. 1957లో అమెరికాలో సెమీకండక్టర్ల మీద పనిచేసే షాక్లీ ప్రయోగశాలను వదిలిన ఎనిమిదిమంది ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్‌ను స్థాపించారు. ఆ ఫెయిర్‌చైల్డ్‌ను వదిలినవారు కంప్యూటర్ చిప్‌ల సంస్థలైన ఇంటెల్‌ను 1968లో, ఏఎండీని 1969లో స్థాపించారు. పాతపద్దు గారు చెప్పిన స్కైప్ కూడా ఇదే కోవలోనిది. దాని తొలి ఉద్యోగి తావెట్ హిన్రికస్ తరువాత డబ్బు బదిలీ సేవల సంస్థ వైజ్‌ను మరొకరితో కలిసి స్థాపించారు. 2011లో మైక్రోసాఫ్ట్ స్కైప్‌ను 850 కోట్ల డాలర్లకు కొన్నది, 2025లో మూసివేసింది. టాలిన్‌లో ఆ అనుభవం పొందినవారు పెట్టిన సంస్థలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. లక్సెంబర్గ్‌లో ఖాతాలు రాసినవారి నుంచి ఇటువంటి సంతానం కలగలేదు. ఉత్పత్తిని మొదటి నుంచి చివరిదాకా తయారుచేసినవారికే మరొకటి తయారుచేసే ధైర్యం వస్తుంది.

సందేహి

వలసపక్షి గారి మాట బాగుంది, కాని వదిలి వెళ్లడం రెండు వైపులా ఉంటుంది. 2008లో నోకియా జర్మనీలోని బోకుం నగరంలో సుమారు 2,300 మంది పనిచేస్తున్న కర్మాగారాన్ని మూసి, పనిని రుమేనియాలోని క్లుజ్‌కు మార్చింది. అంతకుముందు రాయితీలు ఇచ్చిన రాష్ట్ర ప్రభుత్వం ఆ డబ్బు వెనక్కి ఇమ్మని వెంటపడవలసి వచ్చింది. మరి క్లుజ్ బాగుపడిందా? 2011లో దాన్నీ మూసేస్తున్నామన్నారు. ఒక నగరం నుంచి గుంజుకున్న ఉద్యోగం మరో నగరం గుంజుకునేదాకానే మనది.

ఇక అద్దెల సంగతి. సాంకేతిక సంస్థల వల్ల ఇళ్ల ధరలు పెరిగాయని, నిరాశ్రయుల కోసం పెద్ద సంస్థల మీద ఉద్యోగికి ఏటా 275 డాలర్ల పన్ను వేయాలని సియాటిల్ నగర మండలి 2018 మేలో తీర్మానించింది. సంస్థల ఒత్తిడికి తట్టుకోలేక జూన్‌లో అదే మండలి దాన్ని రద్దుచేసింది. ఉద్యోగాలు ఇచ్చే సంస్థకు నగరం మీద ఎంత పట్టు చిక్కుతుందో ఆ ఒక్క నెల చూస్తే చాలు.

నిర్వాహకులు

సభ్యులకు మనవి. చర్చ బాగా సాగుతున్నది. సంస్థల రాజకీయ ప్రాబల్యం గురించి విడిగా మరొక అంశం తెరవవచ్చు. ఇక్కడ ఉద్యోగాల కల్పన వరకే పరిమితం కండి.

ఒప్పందపత్రం

నేను పన్నుల న్యాయవాదిని. రాయితీల గురించి ఇంతసేపు మాట్లాడినవారు ఒక ముఖ్యమైన మార్పును ప్రస్తావించలేదు. ఐర్లాండ్ 2003 నుంచి కార్పొరేట్ పన్నును 12.5 శాతంగా ఉంచింది. అదే సంవత్సరం గూగుల్ డబ్లిన్‌లో తన యూరప్ కార్యాలయానికి నాంది పలికింది, తరువాత ఫేస్‌బుక్ వంటి ఎన్నో సంస్థలు వచ్చాయి. తక్కువ పన్నుతో పాటు ఇంగ్లిష్ మాట్లాడే విద్యావంతులు, యూరోపియన్ యూనియన్ సభ్యత్వం కలిసిరావడంతో అక్కడ కాగితపు కార్యాలయాలే కాక వేలమంది పనిచేసే కార్యాలయాలు ఏర్పడ్డాయి. అయితే 2021 అక్టోబరులో 130కి పైగా దేశాలు కుదుర్చుకున్న అంగీకారం ప్రకారం, ఏటా 75 కోట్ల యూరోలకు మించిన ఆదాయం ఉన్న బహుళజాతి సంస్థల మీద కనీసం 15 శాతం పన్ను పడాలి. ఐర్లాండ్ కూడా 2024 నుంచి అటువంటి సంస్థలకు దాన్ని అమలు చేస్తున్నది. ఒక దేశం పన్ను తగ్గిస్తే ఆ తేడాను మరొక దేశం వసూలు చేసుకునే వీలును ఆ అంగీకారం కల్పించింది.

దీనివల్ల ఉద్యోగాల చర్చకు కలిగే ఫలితం ఏమిటంటే, పన్ను శాతం తగ్గించి పెద్ద సంస్థలను ఆకర్షించే దారి ఇరుకైంది. అయితే ఆ నియమాల్లోనే, ఒక దేశంలో సంస్థ చెల్లించే జీతాలకు, అక్కడున్న స్థిరాస్తులకు అనుగుణంగా కొంత లాభాన్ని ఈ అదనపు పన్ను నుంచి మినహాయించే ఏర్పాటు ఉంది. అంటే నలుగురు అధికారులతో నడిచే పేరుకు మాత్రమే కార్యాలయంకంటే, నిజంగా మనుషులను పెట్టుకొని జీతాలిచ్చే కార్యాలయానికి స్వల్పంగానైనా మొగ్గు ఉంది. ఈ ఒక్క విషయంలో నేను సందేహి గారికంటే ఆశావాదిని.

నియామకశాఖ

స్థానికులను తీసుకోవడం గురించి ఒక మాట చేర్చుతాను. ఇంత శాతం స్థానికులు ఉండాలని చట్టం చేస్తే సంస్థలు అందుకు తగ్గట్టు కిందిస్థాయి ఉద్యోగాలను నింపి లెక్క సరిపెడతాయి. సింగపూర్ మరో దారి పట్టింది. విదేశీ నిపుణుడికి ఎంప్లాయ్‌మెంట్ పాస్ అనే పని అనుమతి కావాలంటే 2023 సెప్టెంబరు నుంచి కంపాస్ అనే మార్కుల పద్ధతిలో సాధారణంగా 40 మార్కులు రావాలి. అందులో ఆ వ్యక్తి జీతం, అర్హతలతో పాటు, ఆ సంస్థ నిపుణుల స్థాయి ఉద్యోగాల్లో స్థానికుల వాటా ఎంత, వేరువేరు దేశాలవారు ఎంతమంది ఉన్నారు అన్నవి కూడా చూస్తారు. కొలత నిపుణుల స్థాయిలోనే ఉండడం వల్ల కిందిస్థాయి నియామకాలతో సరిపెట్టే వీలు లేదు. నియామకాలు చేసే మాకు అది తలనొప్పే గాని పని చేసే తలనొప్పి.

కొత్తచిగురు

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని కోణాలుంటాయని ఊహించలేదు. ఆచరణలో ఉపయోగపడే ఒక ప్రశ్న అడుగుతాను. మూడవ దశ వచ్చేదాకా మా వంటివారు ఏం చేయాలి? ఎదురుచూడడం కుదరదు కదా.

నియామకశాఖ

ఎదురుచూడవద్దు. పెద్ద సంస్థ స్థానిక సంస్థల నుంచి అనుభవజ్ఞులను తీసుకుపోతుందని చెప్పాను. ఆ ఖాళీలు ఏర్పడేది స్థానిక సంస్థల్లోనే. వాటిలో చేరినవారికి పెద్ద సంస్థలో మూడేళ్ల తరువాత గాని దొరకని బాధ్యత మొదటి ఏడాదిలోనే మీద పడుతుంది. ఆ అనుభవంతో వచ్చినవారిని రెండవ దశలో మేమే వెతుక్కుంటూ వెళతాం. ఇక ప్రాంతీయ ప్రధాన కార్యాలయం అనగానే కోడ్ రాయడం ఒక్కటే తలచుకోకండి. అనేక దేశాల వ్యాపారం ఒకచోట నుంచి నడుస్తుంది కనుక, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలు తెలిసినవారు, బహుళ దేశాల జీతాల లెక్కలు చూడగలవారు, ఖాతాదారుడి ఎదుట కూర్చొని సాంకేతిక పరిష్కారాన్ని వివరించగల ఇంజనీర్లు, ఒకటికి మించిన భాషల్లో ధారాళంగా రాయగలవారు అక్కడ కావాలి. వీటికి పోటీ తక్కువ. సంస్థ వెబ్‌సైట్‌లో ఆ నగరానికి చూపే ఖాళీల జాబితాను నెలకొకసారి చూస్తూ ఉండండి. అందులో ఏ విభాగపు పేర్లు పెరుగుతున్నాయో గమనిస్తే, పత్రికా ప్రకటన చెప్పనిది అది చెబుతుంది.

సందేహి

ఆ ఖాళీల జాబితా మాట నాకూ నచ్చింది. అయితే ప్రకటనలో ఉన్న సంఖ్య నిజమైందా లేదా అన్నది ఎన్నేళ్ల తరువాత తేల్చాలి? గుణకం గారిని అడిగితే దీర్ఘకాలం అంటారు. ఆ మాట చాటున ఎంత అబద్ధమైనా దాక్కోవచ్చు.

గుణకం

పరోక్ష, ప్రేరిత ఉద్యోగాలకు పదేళ్లు ఇవ్వండి. ప్రత్యక్ష ఉద్యోగాలకు మాత్రం అంత గడువు అక్కరలేదు, ఏటా లెక్కపెట్టవచ్చు.

పాతపద్దు

ఏటా లెక్కపెట్టవచ్చు, అయితే ఆ లెక్క బయటకు రావాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి. నేను చూసిన ఒప్పందాల్లో చాలావాటికి ఉద్యోగుల సంఖ్యను సంస్థ స్వయంగా ధ్రువీకరిస్తుంది, ప్రభుత్వం దాన్ని ఫైలులో పెట్టుకుంటుంది. జీతాల నుంచి మినహాయించిన పన్ను వివరాలు ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. వాటితో సరిపోల్చడానికి ఒక మధ్యాహ్నం చాలు. కొత్తచిగురు గారూ, మీరున్న చోట ఇటువంటి ఒప్పందం ఏదైనా జరిగి ఉంటే, సమాచారం కోరే హక్కు చట్టం అక్కడ ఉంటే, మూడు సంగతులు అడగండి. ఒప్పందంలో ఉద్యోగం అన్నదానికి ఇచ్చిన నిర్వచనం, అంటే కాంట్రాక్టు సిబ్బంది, బదిలీ మీద వచ్చినవారు అందులో ఉన్నారా అన్నది. గత సంవత్సరాంతానికి ఉన్న సంఖ్యను ఎవరు, దేనితో సరిచూశారన్నది. రోడ్లకు, విద్యుత్తుకు, భూమికి ప్రభుత్వం పెట్టిన ఖర్చు ఏ పద్దు కింద రాశారన్నది. జవాబు వస్తే ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.